ఉత్త పసుపు

నేను ఒక మెటీరియల్‌ను. చేత్తో పట్టుకునే వస్తువును కాను. కంప్యూటర్ ఆటలో గోడల మీద ఉండే పైపూతను. నేను లేనిదే ఆ గోడలకు రంగూ లేదు, రూపూ లేదు. అయినా ఆడేవాళ్ళెవరూ నన్ను పట్టించుకున్న పాపాన పోలేదు.

కాకినాడలో ఒక మేడమీది గదిలో కిరీటి నన్ను తయారుచేశాడు. ఆట అతనిదీ, వాళ్ళక్క అరుంధతిదీ. ఆమె కోడు రాస్తుంది, అతను బొమ్మలు వేస్తాడు. సందుల్లో దారి తప్పిన ఒక పిల్లను చివరనున్న ఇంటికి చేర్చడమే ఆట. గోడల కోసం కిరీటి పెచ్చులూడిన సున్నం, వాననీటి చారలు, నాచు గీసి ఆ బొమ్మను నాకు తొడిగాడు. నా అందం చూసుకుని నేను మురిసిపోయాను.

ఇంతలో అతని చూపు దెబ్బతింది. రెండు కళ్ళ లోపలి పొరా ఊడిపోతోందనీ, ఆపరేషన్‌కు వేళ మించిపోయిందనీ డాక్టరు చెప్పేశాడు. చూపు పూర్తిగా పోయేలోగా ఒక్కసారైనా ఆ పిల్లను తన కళ్ళతో చూస్తూ ఇంటికి చేర్చాలని కిరీటి పంతం. తీరా ఆడబోతే తను గీసిన గోడలూ, మట్టిదారీ కలిసి ఒకే మసకైపోయాయి.

"అక్కా, ఏది గోడో ఏది దారో తెలట్లేదే."

చివరి ఇల్లయినా కనబడాలని అరుంధతి నాకు పసుపు రంగు పెట్టింది. నాచు బొమ్మ మీద పడి అది బురదరంగయింది. బొమ్మ ఉండగా రంగు పెడితే రెండూ కలిసిపోతాయి మరి. తమ్ముడు ప్రాణం పెట్టి గీసినదాన్ని తీసెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు.

"తీసెయ్యవే," అని అతనే అన్నాడు.

ఏడుస్తూ తీసేసింది. నేను ఉత్త పసుపునై మిగిలాను. నాకూ ఏడుపొచ్చింది.

ఆ కంగారులో ఆమె ఒక సంగతి మరిచింది. ఆ ఒక్క ఇంటికి రంగు మార్చాలంటే నాకో నకలు తీసి దానికి పెట్టాలి. సందుల్లోని గోడలన్నిటికీ నేనొక్కదాన్నే. అన్నీ ఒక్కసారిగా పసుపైపోయాయి. ఆమె తల పట్టుకుంది.

"మార్చకే అక్కా! దారి కనపడతంది. పసుపు లేని చోటల్లా దారేగా!"

అతను పిల్లను నడిపించాడు. గోడ తగిలించకుండా మలుపులన్నీ దాటించాడు. అక్క పక్కనే ఉండి చూస్తోంది. చివరి ఇంటి గుమ్మం ఎదురుగా పిల్ల ఆగిపోయింది.

"ఇప్పుడెందుకు కంప్యూటర్ ఆపేసేవే?"

ఆమె ఆపలేదు. తమ్ముడి ముఖంలోకి చూసింది.

"కరెంటు పోయిందిరా," అంది చివరికి.

నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ గాలికి అతని జుట్టు కదులుతోంది. అతను ముఖం ఫ్యాను వైపు ఎత్తాడు. తెర నిండా నేను వెలుగుతూనే ఉన్నాను.