మూడొందలో పలుకు

పొద్దున్న ఏడయ్యేసరికి బుల్లమ్మ షేర్ ఆటో దిగి, శ్రీకాకుళం పాత వంతెన దగ్గర మూసేసిన సైకిల్ షాపు మెట్టు మీద చేపల బుట్ట దించుతుంది. ఐసు సర్ది తడి గోనె కప్పుతుంది. ఒక పక్క యమున ఆకుకూరల కట్టలు పరుచుకుంటుంది. ఇంకో పక్క జోగయ్య టీ బండి పొయ్యి వెలిగిస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస.

బుల్లమ్మ చేపలకి ఒక గుర్తు ఉంది. తీరంలో వేలం పాడుకున్నాక నలుగురు ఆడవాళ్ళు ఒకే ఆటోలో, ఒకే ఐసులో సరుకు వేసుకుని వస్తారు. ఒకరివి ఇంకొకరివాటితో కలిసిపోకుండా ఒకామె మొప్ప దగ్గర గాటు పెడుతుంది, ఒకామె రెక్క కోస్తుంది. బుల్లమ్మ తోక పైకొస మూలగా కత్తిరిస్తుంది. అత్తగారి నుంచి వచ్చిన గుర్తు అది. కత్తెర ఎప్పుడూ ఆమె బొడ్లోనే ఉంటుంది.

ఆ వరసలోకి కొత్తగా వచ్చింది మాట్లాడే పెట్టె. ఈశ్వర్ అనే కంపెనీ మనిషి ముగ్గురికీ తలొకటి ఇచ్చి వెళ్ళాడు. కొన్నవాళ్ళు అట్ట మీది గళ్ళ బొమ్మకి ఫోన్ చూపిస్తే, పెట్టెలోంచి ఆడగొంతు "వంద రూపాయలు అందాయి" అంటుంది. మొదట్లో బుల్లమ్మ "సరే తల్లీ" అని బదులు చెప్పేది.

ఆమె భర్త గంగులు పడవ ఇంజను కిందటేడు తుఫానుకి పాడయింది. అప్పట్నుంచి సూరయ్య పడవ మీద కూలికి పోతున్నాడు. కొత్త ఇంజనుకి లక్ష కావాలి. అది దొరక్కపోతే ఒకటో తారీఖున గుజరాత్ రైలెక్కి, అక్కడి పడవల మీద తొమ్మిది నెలలు పనిచేయాలి. వెనకటిసారి వెళ్ళొచ్చినప్పుడు కూతురు తండ్రిని చూసి తలుపు వెనక దాక్కుంది. ఆ సంగతి బుల్లమ్మ ఎవరికీ చెప్పలేదు, మరచిపోనూ లేదు. మనుషుల్ని కుదిర్చి పంపే నరసింగరావుకి తలకింత అని ముడుతుంది. అతను అప్పుడే రెండుసార్లు ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

దారి ఈశ్వరే చెప్పాడు.

"ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఆరు లోపల మూడు వందల సార్లు పెట్టె పలకాలక్కా. ఒక్కోటీ వందకి తగ్గకూడదు. లక్ష రూపాయల లోను ఫోన్‌లోనే పడిపోతుంది."

"సగం మంది నాకు నోట్లే ఇస్తారు బాబూ."

"నోట్లు కంపెనీకి కనబడవు."

"నా సేతిలో ఉన్నదే కనబడదేటి?"

"కనబడదక్కా" అని, గొంతు తగ్గించి, "ఒక వంద తిప్పుకోండి. యమునక్క మీకు పంపుతుంది, మీరు జోగయ్యకి పంపండి, జోగయ్య యమునక్కకి పంపుతాడు. ముగ్గురికీ లోనులొస్తాయి" అన్నాడు. నెలకి ఇన్ని లోనులు ఇప్పించకపోతే అతని జీతం కోస్తారు. ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

కష్టపడి బతికేవాడికి దొంగపని నేర్పితే ముందు సిగ్గుపడతాడు, తర్వాత అలవాటు పడతాడు. బుల్లమ్మకి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు ముగ్గురూ వంద తిప్పడం మొదలెట్టారు. యమున ఫోన్ నొక్కింది. "వంద రూపాయలు అందాయి" అంది పెట్టె. బుట్టలో పై వరస కానాగంత చేపలు నాలుగు లేవు. బుల్లమ్మ గోనె ఎత్తి చూసింది. మెట్టు వెనక పిల్లి ఉందేమోనని వంగి చూసింది.

"ఏటి ఎతుకుతన్నావొదినా?"

"నాలుగు సేపలు కనబడ్నేదే."

"అమ్మీసినావు కదా. అమ్మిన సేప బుట్టలో ఉంటాదేటి?"

"కొన్నదానివి నువ్వే. నీ సంచీలో ఉన్నాయేటి?"

యమున సంచీ దులిపి చూపించింది. "నా కాడ నేవు."

"మరెక్కడికి పోనాయి?"

"నాకేటి తెలుసు? జోగయ్య వంద పంపగానే నా తోటకూరా పోనాది."

జోగయ్య కెటిల్ మూత తీసి, "పది గ్లాసుల టీ దిగిపోనాది. పెట్టె సెప్పీసినాక పోవాల్సిందే కదేటి" అని మళ్ళీ పాలు పోశాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

బుల్లమ్మకి మాత్రం మనసు మనసులో లేదు. అమ్మకాలు పెరుగుతున్నాయని ఫోన్ రోజూ మెచ్చుకుంటోంది. తిరిగేది అదే వంద. తగ్గేది సరుకు. ఎక్కడ ఏది తప్పిందో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. వాడుకగా వచ్చే రిటైరైన పంతులమ్మ పదకొండింటికే ఖాళీ బుట్ట చూసి, "తినేవాళ్ళకి లేకుండా ఎవరికమ్మేస్తున్నావే?" అని అడిగింది. బుల్లమ్మ బుట్ట మీద గోనె కప్పేసింది. "రేపు రండమ్మా" అంది. ఆ రేపూ అంతే.

పోయిన చేపలు ఆ తర్వాత మూడో రోజున తీరానికి వచ్చాయి. సూరయ్య వలలో పడ్డాయి. గంగులు ఒకదాన్ని తోక పట్టుకుని ఎత్తి చూపించాడు. "ఇయి నీయి కావేటే?"

తోక పైకొస మూలగా తెగి ఉంది. చేప కాస్త చిక్కింది, అంతే.

"నా గుర్తే. నాకిచ్చీండి" అంది బుల్లమ్మ.

"గుర్తు ఎవులిదైనా వల నాది" అని సూరయ్య వేలం మొదలెట్టాడు. బుల్లమ్మ తన చేపల్ని తనే పాడుకుంది. తెగిన తోకని మళ్ళీ కత్తిరించడానికి ఏమీ లేక కత్తెర బొడ్లో దోపుకుంది. ఆ తర్వాత మూడేసి రోజులకొకసారి అవే చేపలు తిరిగొచ్చేవి, ఇంకాస్త చిక్కి. తినేవాళ్ళకి అందని చేప సముద్రానికి కాక ఎక్కడికి పోతుంది?

ముప్పయ్యో తారీఖు వచ్చింది. సాయంత్రం అయిదున్నరకి లెక్క రెండు వందల తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. యమున ఫోన్ ఇంక ఈ రోజుకి పంపనన్నది. జోగయ్యదీ అంతే. వాళ్ళిద్దరికీ లోనులు వచ్చేశాయి. రోడ్డు మీద కొనేవాడు ఒక్కడూ లేడు, బుట్టలో చేపా లేదు.

అదే సమయానికి నరసింగరావు మోటారుసైకిల్ దిగాడు. వెనక గంగులు. జోగయ్య ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని గంగులు బుల్లమ్మ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"అడ్వాన్సు ఇరవై వేలు. ఒరే గంగులూ, నీ ఫోన్‌కి పంపీమంటావా?" అన్నాడు నరసింగరావు.

"నా ఫోను నీళ్ళల్లో పడిపోనాది కదా."

బుల్లమ్మకి ఒక ఆలోచన వచ్చింది. భర్త చెవి దగ్గరికి వంగింది. "మావా, నా పెట్టెలో వేయించు. మూడొందలు నిండుతాది. లోను రాగానే ఈయన డబ్బు ఈయనకి ఇచ్చీద్దుం. నువ్వెక్కడికీ ఎల్లక్కర్నేదు."

"మాటిచ్చి తప్పడం బాగుంటాదేటే?"

"బాగుండకపోతే గుజరాత్‌లో కూకుని ఏడు."

ఆమె బుట్ట బోర్లించి మరీ చూసుకుంది. ఖాళీ. పెట్టె పలికినా పోవడానికి ఏమీ లేదు. అట్ట ముందుకి జరిపింది. నరసింగరావు ఫోన్ చూపించాడు.

"ఇరవై వేల రూపాయలు అందాయి" అంది పెట్టె.

స్టూలు మీద సగం తాగిన టీ గ్లాసు ఉంది. గంగులు లేడు.

నరసింగరావు పుస్తకంలో ఒక పేరుకి టిక్కు పెట్టాడు.

"బాబూ, నీ డబ్బు నువ్వు తీసీసుకో. నా మనిషిని నాకిచ్చీ" అంది బుల్లమ్మ.

"నా కాడున్నాడేటమ్మా?" అతను జేబులు తడుముకున్నాడు. అతనికీ అయోమయంగానే ఉంది. "రైలు నాలుగో తారీఖుకి మార్పిస్తాను. అప్పటికి మనిషి రావాల."

యమున గ్లాసు తీసి కడగబోయింది. "ఉంచు" అంది బుల్లమ్మ. ఆమె ఒళ్ళో ఫోన్ వణికింది. లక్ష రూపాయలు ఆమె ఖాతాలో పడ్డాయి.

ఇంజను కొనడానికి డబ్బుంది, దాన్ని నడిపేవాడు లేడు. ఎవరి మీద కోప్పడాలో ఆమెకి తెలియలేదు. ఈశ్వర్ అబద్ధం చెప్పలేదు. పెట్టె అసలే చెప్పలేదు. అబద్ధం ఆడింది తను, కానీ మూడు వందల సార్లలో ఏది పెద్ద అబద్ధమో తేల్చుకోలేకపోయింది.

మూడో రోజు ఆమె పట్నం వెళ్ళలేదు. తెల్లారేసరికి తీరానికి పోయింది. సూరయ్య పడవ వచ్చింది. వల బరువుగా ఉందని అందరూ చెయ్యేశారు, బుల్లమ్మ కూడా తాడు పట్టింది. కవళ్ళ చేపలతో పాటు గంగులు ఇసకలోకి జారాడు. మనిషి చిక్కాడు. దగ్గి, ఉప్పునీళ్ళు ఉమ్మి, "టీ అయినా పూర్తిగా తాగనీనేదే" అన్నాడు.

కూలీలు కవళ్ళని ఒక పక్క పోశారు, గంగుల్ని ఒక పక్క కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు బుట్టలతో చుట్టూ చేరారు. నరసింగరావు రైలు టిక్కెట్లు పట్టుకుని అప్పటికే అక్కడున్నాడు.

"ఇరవై వేలు నాది ముందే ఉన్నాది" అన్నాడతను.

"అది ఈవిడ పెట్టెలో ఉన్నాది. ఇక్కడ వల నాది" అన్నాడు సూరయ్య. "పాట పెడతన్నాను. ఎవులైనా పాడొచ్చు."

నరసింగరావు నోరు తెరిచేలోపు బుల్లమ్మ అంది, "లక్ష."

నరసింగరావు టిక్కెట్ల వంక చూసుకుని, తన కమీషన్ ఎంతో మనసులో వేసుకుని, తల అడ్డంగా ఊపాడు. బుల్లమ్మ అక్కడికక్కడే సూరయ్యకి లక్షా, నరసింగరావుకి ఇరవై వేలూ పంపించేసింది. రేపట్నుంచి పెట్టె పలికిన ప్రతిసారీ లోను కింద కొంత పోతూనే ఉంటుంది. అది ఎన్నేళ్ళకి తీరుతుందో ఆమెకి తెలియదు.

"మరి ఇంజనో?" అన్నాడు గంగులు.

బుల్లమ్మ చీరకొంగుతో అతని తల తుడిచింది. బొడ్లోంచి కత్తెర తీసి, అతని మెళ్ళో ఉన్న తడి తువ్వాలు పైకొస మూలగా కత్తిరించింది.