కృతజ్ఞతల పేజీ

మా యూనివర్సిటీలో థీసిస్‌ల గది అంటే ఎవరూ రాని గది. మూడో అంతస్తులో, మరుగుదొడ్ల పక్కన ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా దానికి కాపలా నేనే, అధికారీ నేనే, చాలా రోజులు పాఠకుణ్ణీ నేనే. నాకో అలవాటుంది. ఏ థీసిస్ చేతికొచ్చినా ముందు కృతజ్ఞతల పేజీ చదువుతాను. లోపలి పట్టికలూ లెక్కలూ నా బుర్రకెక్కవని ఒప్పుకుంటాను. కానీ ఎవరు ఎవరికి దండం పెట్టారో, ఎవరి పేరు కావాలని ఎగ్గొట్టారో ఆ ఒక్క పేజీలో తెలిసిపోతుంది. ఇది చాలా తెలివైన అలవాటని నా నమ్మకం. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుండేవాణ్ణి.

ఆ బుధవారం పదకొండున్నరకి నీదియా వచ్చింది. డాక్టర్ నీదియా హినెస్త్రోసా, మా కెమిస్ట్రీ విభాగం. విద్యార్థినిగా ఉన్నప్పటి నుంచీ నన్ను బాబాయ్ అనే పిలుస్తుంది.

మా సాన్ తదేయో నదిలో బంగారం తోడే యంత్రాలున్నాయి. అవి నదిలోకి పాదరసం వదులుతాయి. ఆ పాదరసం చేపల్లో ఎంతుందో, చేపలు తినేవాళ్ళ జుట్టులో ఎంతుందో కొలిచి నీదియా థీసిస్ రాసింది. యంత్రాల వెనక తుపాకులున్నాయి. వాళ్ళ పేరు మా ఊళ్ళో ఎవరూ పైకి అనరు, 'వాళ్ళు' అంటాం, అంతే. మొదట ఆమె తలుపు కింద నుంచి బెదిరింపు కాగితం తోశారు. తర్వాత వాళ్ళమ్మ గుమ్మం ముందు చావు పూలచక్రం పెట్టారు, రిబ్బను మీద నీదియా పేరుతో. ఏడు నెలలు ఇంటింటికీ మారుతూ పడుకుంది పిల్ల. చివరికి నార్వే నుంచి ఉత్తరం వచ్చింది. సొంత దేశంలో ప్రాణభయం ఉన్న అధ్యాపకులకి ఇచ్చే ఫెలోషిప్ అట. ఏడాదిపాటు అక్కడి యూనివర్సిటీలో పని, ఉండటానికి గది, టికెట్టు. విమానం మర్నాడు పొద్దున తొమ్మిదింటికి. అప్పటిదాకా భద్రంగా ఉంచడానికి ఫెలోషిప్ వాళ్ళే కారు పంపారు. అది కింద గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

వీడ్కోలు చెప్పడానికి వచ్చిందనుకుని కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"బాబాయ్, నా థీసిస్ ఇవ్వు. ఒక పేజీ చింపాలి."

"మతి పోయిందా నీకు? నా గదిలో పేజీలు చింపుతావా?"

"పొద్దున ఫెలోషిప్ ఆవిడ ఫోన్ చేసింది. జాగ్రత్తలన్నీ ఒక్కొక్కటే అడిగింది. ఫోన్ మార్చావా, తాళాలు ఎవరికిచ్చావు, అన్నీ. ఆఖర్న, మీ రాతల్లో ఇంకెవరి పేర్లన్నా ఉన్నాయా అంది. లేవండీ అని గొప్పగా చెప్పా. రెండొందల పధ్నాలుగు మంది జుట్టు కత్తిరించుకొచ్చాను బాబాయ్, ఒక్కళ్ళ పేరు రాయలేదు, అందరికీ నంబర్లే. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. కృతజ్ఞతలు."

నేను పుస్తకం తెరవక్కర్లేదు. ఆ పేజీ నాకు నోటికొచ్చు. 'లా మన్సా ఊరి సతూరియా పెరేయా మేనాకి. ఆమె పడవ లేకపోతే యంత్రాల దగ్గరికి చేరేదాన్ని కాదు. సోదా జరిగిన రోజు నా నమూనా సీసాల పెట్టె ఆమె మంచం కింద లేకపోతే ఈ పుస్తకమే లేదు.' చదివిన రోజు నా కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు అవే మాటలు తలుచుకుంటే భయం వేసింది.

ఎందుకంటే సోమవారం నా గదికి ఒకాయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, కొత్త నోటుబుక్కు. లా చదువుతున్నానని, నది మీద ఏమైనా ఉంటే చూపించమని అడిగాడు. చాలా మర్యాదస్తుడు. నెల రోజుల తర్వాత వచ్చిన మొదటి పాఠకుడు మరి, నేను పొంగిపోయాను. నీదియా థీసిస్ నా చేతులతోనే తీసిచ్చాను. అక్కడితో ఊరుకున్నానా. "ముందు కృతజ్ఞతలు చదవండి సార్, మనుషులు అక్కడ కనిపిస్తారు" అన్నాను. ఆయన నవ్వి, "మంచి సలహా సార్" అన్నాడు.

బీరువాలోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. సతూరియా పెరేయా మేనా అన్న మాటల కింద సన్నగా పెన్సిల్ గీత.

నీదియా ఆ గీత వైపు చాలాసేపు చూసింది. "ఎవరు గీశారిది?"

"లా చదివే ఆయనెవరో. సోమవారం వచ్చాడు."

"పాదరసం లెక్కలు వదిలేసి ఈ పేజీకెందుకొచ్చాడు? దీన్ని ఎవరూ చదవరు కదా."

నేను రిజిస్టర్ సర్దడం మొదలుపెట్టాను. అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. ఆ నిమిషం నా మీద నాకే అసహ్యం వేసింది.

లా మన్సాలో ఫోన్లు పనిచేయవు. రేవులో ఎవరితోనన్నా కబురు పంపుదామంటే, ఎవరు ఎవరి మనిషో తెలీదు. నీదియా అక్కడే నిలబడి నార్వే ఆవిడకి ఫోన్ చేసింది. ఆవిడ గొంతు నాకూ వినపడుతోంది, మంచి గొంతు.

"నాతోపాటు ఇంకొకామెని తీసుకురావచ్చా?"

"భర్తనీ పిల్లల్నీ తీసుకురావచ్చు. ఆమె మీకేమవుతారు?"

"ఏమీ కారు. పడవ నడుపుతారు."

"ఎక్కడైనా బోధిస్తారా? పరిశోధన ఏమైనా?"

"నది ఎక్కడ లోతో, ఎక్కడ ఏ చేప గుడ్లు పెడుతుందో నాకు నేర్పింది ఆవిడే. రాయడం రాదు."

ఆవిడ మెల్లగా, వేరే సంస్థ ఒకటుందని, ఈ రోజే వాళ్ళకి రాస్తానని, మూడు వారాలు పట్టొచ్చని చెప్పింది. ఆవిడ తప్పేం లేదు, చదువుకున్నవాళ్ళ కోసం పెట్టిన తలుపది. నీదియా ఫోన్ బల్ల మీద పెట్టి, "నేను విమానం ఎక్కను. లా మన్సా పోతాను" అంది.

"నువ్వెళ్తే నీ వెనకాలే వాళ్ళూ వస్తారు. దారి చూపించినట్టే. నేనెళ్తాను."

"నువ్వా బాబాయ్?"

ఆ అడగడంలో ఎగతాళి లేదు, ఆశ్చర్యం ఉంది. వీధి కుక్క మొరిగితే ఇంకో వీధి చుట్టి ఇంటికెళ్ళే మనిషిని నేను. ఆ సంగతి యూనివర్సిటీ మొత్తానికి తెలుసు. కానీ ఎందుకు వెళ్తానంటున్నానో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లా మన్సాలో సతూరియాని తుయా అంటేనే తెలుస్తుందని చెప్పింది. నీదియాని మెట్ల దాకా తోసినంత పని చేశాను. కారు వెళ్ళిపోయాక పైకొచ్చి, ఆ పేజీని నా చేత్తో చింపాను. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను. జీవితంలో కాగితం పారేసి ఎరగను, అలవాటు చొప్పున పెట్టేసుకున్నాను.

ఒంటిగంట పడవ దొరికింది. ఎనిమిది మందిమి, అరటిగెలలు, ఒక గ్యాసు సిలిండరు. నాకు ప్రతి చొక్కా ఇస్త్రీ చేసినట్టే కనపడింది. గంటన్నర పోయాక, నది మలుపులో 'వాళ్ళ' తెప్ప అడ్డంగా కట్టి ఉంది. తుపాకీ ఉన్నవాడొకడు మా పడవలోకి వంగి ఒక్కొక్కళ్ళనీ చూస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది జేబులో కాగితం.

"ఎక్కడికి పెద్దాయనా? ఎప్పుడూ చూళ్ళేదే నిన్ను."

"లా మన్సా. పన్ను పీకించుకుందామని." నోటికొచ్చింది అనేశాను.

"టౌన్లో పళ్ళ డాక్టర్లందరూ చచ్చిపోయారా ఏంటి?"

వాడి చూపు నా జేబు మీదే ఉన్నట్టనిపించింది. అంతలో పడవ నడిపేవాడు కల్పించుకున్నాడు.

"మా ఊరి మంత్రసాని పళ్ళు కూడా పీకుద్ది సార్. రేటు తక్కువ. ఒకటి పీకమంటే రెండు పీకుద్ది, అదొక్కటే ఇబ్బంది."

వాడు నవ్వాడు. పొమ్మని చెయ్యూపాడు. మలుపు తిరిగాక ఆ కాగితాన్ని ఏం చేయాలో తెలీలేదు. నీళ్ళలో వేస్తే తేలుతుంది. చించినా ముక్కలు మిగులుతాయి. దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నమిలి మింగేశాను. జిగురు వాసన కొట్టింది. పడవ నడిపేవాడు చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. నాలుగింటికి దింపేటప్పుడు మాత్రం, "తుయా ఇల్లు చివరిది" అన్నాడు. నేను అడగనే లేదు. వీడికెలా తెలుసని ఇంకో భయం పట్టుకుంది.

తుయా నీళ్ళలోకి దిగే ఇంటి మెట్ల మీద కూర్చుని చేపలు కోస్తోంది. అరవై దాటి ఉంటాయి, నాకు రెండింతలు మనిషి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది.

"నువ్వేనా తుయా అక్క?"

"అవునంటే ఏం చేస్తావు, కాదంటే ఏం చేస్తావు?"

"నీదియా పంపింది. ఇప్పుడే బయల్దేరాలి అక్కా."

"దానికి పెళ్ళి కుదిరిందా ఏంటి?"

గబగబా చెప్పాను. పుస్తకం, పేజీ, మంచం కింద పెట్టె, పెన్సిల్ గీత. ఇస్త్రీ చొక్కావాడి సంగతీ చెప్పాను. నేనిచ్చిన సలహా మాత్రం చెప్పలేదు. ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"నా పేరు అచ్చేసిందా? మొత్తం?"

"మొత్తం."

"మా అమ్మ ఇంటిపేరు కూడానా?"

"అదీ ఉంది. చివర మేనా అని."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "దానికెప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. ఈ నది మీద నేను తుయానే. మా ఆయన చచ్చేదాకా అదే నా అసలు పేరనుకున్నాడు. ఏదీ, ఆ కాగితం చూపించు."

"తినేశానక్కా."

"తినేశావా." చుట్ట తీసి నన్ను ఎగాదిగా చూసింది. "చదువుకున్నోళ్ళ తెలివి ఇంతే."

లేవమని బతిమాలాను. ఆవిడ కదల్లేదు. కోళ్ళున్నాయంది, వలలు తడిగా ఉన్నాయంది. తర్వాత గొంతు మారింది.

"ఎక్కడికి పొమ్మంటావు తమ్ముడూ? ఆ పిల్లకైతే చదువుంది, మంచు దేశంలో ఎవరో కుర్చీ వేశారు. బాగుండనీ. నాకెవడు వేస్తాడు? నదికి ఆ చివర నాకు తెలిసిన ఇల్లు ఒక్కటీ లేదు."

మా ఇల్లుంది అని అనాలి. నోటి చివరిదాకా వచ్చింది. మా ఇంట్లో ఈవిణ్ణి చూసి వీధి వీధంతా ఏమనుకుంటుందో, ఎవరు ఎవరికి చెబుతారో అని లెక్కలు వేస్తూ నిలబడ్డాను. అంత భయంలోనూ సిగ్గు తెలుస్తూనే ఉంది.

అప్పుడు దూరంగా ఇంజను చప్పుడు. ఆవిడ తల పక్కకి వంచి వింది.

"ఇది మన రేవుల్లో ఇంజను కాదు. ఇంత పెద్దది ఇక్కడెవరికీ లేదు."

చుట్ట నీళ్ళలో ఊసేసి, పొయ్యి మీది గిన్నె దించి, ఒక తెడ్డు తీసుకుంది. మెట్ల దగ్గరున్న ఇంజను పడవ ముట్టుకోలేదు. ఇంటి వెనక చిన్న దోనె ఉంది, నన్ను అందులోకి లాగింది. పాయలోకి జొరబడి, నీళ్ళ మీదికి వాలిన కొమ్మల కింద ఆగాం. నన్ను పడుకోమని వీపు మీద చెయ్యేసి అదిమింది. ముక్కు దాకా నీళ్ళ వాసన, చేపల వాసన. నా పళ్ళు టకటకమంటుంటే చొక్కా కొరికి పట్టుకున్నాను.

ఇంజను ఆగింది. చెక్క మెట్ల మీద బూట్లు. ముగ్గురో నలుగురో. తలుపు తీసిన చప్పుడు, మంచం జరిపిన చప్పుడు. కోళ్ళు చెదిరి అరిచాయి. మళ్ళీ అంతా నిశ్శబ్దం.

"సతూరియా పెరేయా మేనా గారూ."

తొందర లేని గొంతు. ఎంతో మర్యాదగా, ప్రతి అక్షరం పలుకుతూ. రెండోసారి పిలిచాడు, అంతే మర్యాదగా. ఆ గొంతు నేను సోమవారం విన్నాను.

తుయా నా చెవి దగ్గరికి వంగింది. "ఎవడ్రా వీడు? జ్ఞానస్నానం అయ్యాక నన్నా పేరుతో పిలిచినోడు లేడు."

ఊరుకుంటే ఊరుకోవచ్చు. నా సలహా సంగతి ఎవరూ అడగలేదు. నీదియాకి తెలీదు, ఈవిడకీ తెలిసే దారి లేదు. కానీ అక్కడ మెట్ల మీద ఆ పేరు మూడోసారి వినపడేసరికి నాకు ఇంక పట్టలేదు.

"ఆ పేజీ చదవమని వాడికి చెప్పింది నేనే అక్కా. పుస్తకం తీసిచ్చింది కూడా నేనే. ఎవరో ఒకరు చదువుతున్నారన్న సంబరంలో చెప్పేశాను."

ఆవిడ నా ముఖం వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. నీళ్ళలోకి తోసేస్తుందేమో అని కూడా అనుకున్నాను. తోసినా కాదనను. అక్కడ ఇంట్లో ఎవరో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వాళ్ళకి తొందరేం లేదు.

తుయా తెడ్డు నా ఒళ్ళో పెట్టింది.

"అయితే నువ్వే తొయ్యి. చప్పుడు చేశావంటే చంపేస్తాను. మీ ఇంటికి ఎటు పోవాలో నేను చెబుతా."

నాకు తెడ్డు వేయడం రాదు. వేశాను.