తిరగబడ్డ బద్ద

ఆ ఇంట్లో కొత్త పుట్టి, అదే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, తయారైతే, అల్లినవాళ్లు "ఎక్కండి" అనేదాకా ఎంతటివాడైనా సరే, అందులో కాలు పెట్టకూడదు. నలభై ఏళ్లుగా ఆ మాట అన్నది ఇంటి పెద్ద, మామయ్యే. మాటల దగ్గర మహా పిసినారి మనిషి లెండి. కానీ చూపు మసకబారినా, వెదురు బద్దల మీద ఒక్కసారి వేళ్లు పోనిచ్చాడంటే తప్పెక్కడుందో ఇట్టే పట్టేసేవాడు. ఆయన అల్లిన పుట్టి ఒక్కటంటే ఒక్కటి నడి ఏట్లో మోసం చేయలేదు. నమ్మకపోతే రేవులో ఎవరినైనా అడగండి.

ఆయన కొడుక్కి వెదురంటేనే ఒళ్లుమంట. నేర్చుకున్నది కోడలు. రెండేళ్లు చీవాట్లు తిని, చేతులు కోసుకుని, ఇప్పుడు మొదటిసారి తనంతట తానే ఒక పుట్టి అల్లింది. ఇది నెగ్గితే ఆ పని ఆమె చేతుల్లో నిలుస్తుంది. లేదంటే మామయ్యతోనే ఆఖరు.

బోర్లించిన పుట్టిని మామయ్య చుట్టూ తిరిగి తడిమాడు. "బాగుంది. గుడ్డ కప్పి తారు పుయ్యమ్మా" అన్నాడు. ఆ నోటి వెంట "బాగుంది" రావడమంటే మాటలా? కోడలికి కాళ్లు నేల మీద నిలవలేదు.

మర్నాడు పొద్దున గుడ్డ పరవబోతుంటే అడుగు మధ్యలో ఒక బద్ద తెల్లగా కనిపించింది. వెదురు నున్నటి పైవైపు నీటికేసి ఉండాలి, ఈ బద్ద తిరగబడి తెల్లటి లోపలివైపు బయటికొచ్చింది. తారు పూస్తే ఎవరి కంటా పడదు. కాకపోతే నీళ్లు పీల్చి, ఉబ్బి, ఏదో ఒకరోజు పదిమందితో నడి ఏట్లో విరుగుతుంది.

తన తప్పు సరే. మామయ్య వేళ్లు దీని మీదుగానే వెళ్లాయి కదా! ఇప్పుడు విప్పితే ఆయన చేతుల్లో పస తగ్గిందని ఆయన మొహం మీదే చెప్పినట్టు. ఆ చేతులంటే ఆమెకు ప్రాణం. అయినా కత్తి తీసుకుని కట్లు కోయడం మొదలుపెట్టింది.

ఆ చప్పుడుకి మామయ్య బయటికొచ్చాడు. "ఎందుకమ్మా విప్పుతున్నావు?"

"ఒక బద్ద తిరగేసి అల్లాను మామయ్యా."

"ఏదీ?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది. ఆయన ఆ బద్దనూ, పక్క బద్దనూ మార్చి మార్చి తడిమాడు. తేడా తెలియలేదని మొహమే చెప్పింది.

"ఎన్నాళ్లయింది మామయ్యా?"

"వేళ్లు మొద్దుబారి ఏడాది దాటింది. చెబితే, తప్పు పట్టలేనివాడి దగ్గర ఇంకేముందని నువ్వు నేర్చుకోవడం మానేస్తావని భయం."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఆయన అవతలి వైపు కూర్చుని బద్ద కొస పట్టుకున్నాడు. మళ్లీ అల్లడానికి నాలుగు రోజులు పట్టింది.

తారు ఆరాక పుట్టిని రేవుకి దొర్లించుకెళ్లారు. తెడ్డు వేసేవాడు ఎప్పట్లాగే మామయ్య వైపు చూశాడు. "పెద్దాయనా, ఎక్కొచ్చా?"

మామయ్య చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, నీళ్లలోకి దిగి పుట్టి పక్కన నిలబడ్డాడు. అందరూ చూస్తుండగా కోడలి వైపు తిరిగాడు.

"ఎక్కమంటావా అమ్మా?"

ఆమె నీళ్లలోకి దిగి పుట్టి అంచు పట్టుకుంది.

"ఎక్కండి మామయ్యా."