చెప్పకుండా వచ్చేసిన రోజు

హాస్పిస్ వరండా ఎంత నడిచినా తరగడం లేదు, చేతిలో బత్తాయిల సంచీ బరువెక్కుతోంది, గుటక కూడా పడని మనిషికి బత్తాయిలు ఎందుకు తెచ్చానో నాకే తెలియదు, అటూ ఇటూ గదుల్లో మంచాలు ఉండాల్సిన చోట పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి బల్లలు కనిపిస్తున్నాయి, వాటిలో ఒకదాని ముందు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని మా మేనత్త మాణిక్యాంబ కూర్చుని ఉంది. ఆవిడ పోయి నెల దాటింది. ఆ సంగతి నాకు ఇక్కడా తెలుసు, అయినా ఆశ్చర్యం కలగడం లేదు.

"ఏవిట్రా చలపతీ, నువ్వూ బత్తాయిలేనా?" అంటుంది.

"అందరూ తెస్తున్నారు కదా అని..."

"అందరూ వెధవలేగా మరి!"

నాకు నవ్వొస్తుంది. ఆవిడా నేనూ ఎప్పుడూ ఇంతే, బంధువుల్ని తిట్టుకోవడంలో మాకు మేమే సాటి. ఇక వైద్యం లేదని, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందని డాక్టర్లు తేల్చి ఆవిణ్ణి హాస్పిస్‌లో చేర్పించాక జనం తీర్థానికి వచ్చినట్టు వచ్చారు. మా బాబాయి కొడుకు సూరిబాబు బొప్పాయి ఆకు రసం పట్టమని సలహా ఇచ్చి, మంచం పక్కన నిలబడి ఫోటో దిగి, బాగా రాలేదని మళ్ళీ దిగాడు. సుందరి పిన్ని "శ్రావణానికల్లా లేచి తిరుగుతావు చూడు" అని ఆవిడ చెయ్యి నిమిరి, గది దాటీ దాటకుండానే "ఇంకెన్నాళ్ళమ్మా?" అని నర్సుని అడిగింది. వీళ్ళని చూస్తే నాకు రోత. నేనొక్కణ్ణే ఆవిడకి అబద్ధం చెప్పలేదని లోపల ఎంతో గొప్పగా ఉండేది.

ఇప్పుడు ఆ గొప్పే ఆవిడకి చెప్పుకుంటున్నాను, చెబుతూండగానే ఎక్స్ఛేంజి కాస్తా హాస్పిస్ గది అయిపోతుంది, కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ దుప్పటి మీద పడుతుంది, ఆవిడ మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది, మాట మాత్రం ఇంకా ఆ బల్ల దగ్గర నుంచే వస్తోంది.

"అయితే ఆ బుధవారం చెప్పకుండా ఎందుకెళ్ళిపోయేవురా?"

ఆవిణ్ణి నేను ఆఖరిసారి చూసిన రోజది.

"నిద్రపోతున్నావు కదా అత్తా, లేపడమెందుకని."

"ముప్ఫయ్యేళ్ళు ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ విన్న చెవిరా ఇది. కళ్ళు మూసుకుంటే నిద్రేనా? నువ్వు కుర్చీలోంచి లేవడం విన్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగడం విన్నాను. ఏదో అనబోయి నోరు మూసుకున్నావు. ఏం గుర్తొచ్చిందేం?"

చావు జరిగిన ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు మావైపు ఎవరూ "వెళ్ళొస్తాను" అనరు, అంటే మళ్ళీ అలాంటి పని మీదే రావాల్సి వస్తుందని భయం, అందుకని లేచి మాట్లాడకుండా వచ్చేస్తారు. ఆ రోజు గుమ్మంలో ఆ భయమే నన్ను పట్టుకుంది, నోటిదాకా వచ్చిన మాటని ఎందుకైనా మంచిదని మింగేశాను.

"నాకింకా ఊపిరాడుతూనే ఉందిరా అప్పటికి," అంటుంది అత్త. "సూరిబాబు వెధవే. సుందరి అంతకన్నానూ. అయినా పోయేముందు ఇద్దరూ వెళ్ళొస్తాం అన్నారు. వాళ్ళు అబద్ధాలాడితే ఆడేరు, బతికున్న మనిషితో ఆడేరు. నువ్వొక్కడివే శవాన్ని చూసెళ్ళినట్టు వెళ్ళేవు. పైగా పెద్ద నిజాయితీపరుణ్ణని గొప్పొకటి. ఏడిశావులే!"

వాళ్ళందరికంటే నేనే తక్కువవాణ్ణని తెలిసి సిగ్గుతో చచ్చిపోతున్నాను, గది నెమ్మదిగా పక్కకి జరుగుతోంది, మంచం ఒకచోట, ఆవిడ ఒకచోట, నేనెక్కడున్నానో తెలియడం లేదు.

"అప్పుడే పిలవలేకపోయావా అత్తా?"

"నువ్వే అంటావని చూశాను. నీ చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా చూశాను."

ఇప్పుడైనా అనేద్దామని నోరు తెరుస్తాను. ఆవిడ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, నన్ను చూసి, ముక్కుతో నవ్వుతుంది.

"ఇప్పుడెందుకురా? ఇప్పుడైతే నిజంగానే అనకూడదు."

మెలకువ వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. బడికి బయల్దేరిన నా భార్య విమల, గుమ్మం అవతల నిలబడి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగుతోంది.

"చెప్పకుండా వెళ్తున్నావేం?" అని అరిచాను. అంత గట్టిగా అరవాల్సిన పనేం లేదు.

ఆమె ఉలిక్కిపడి తలుపు తీసింది. "నిద్రపోతున్నారు కదా, లేపడమెందుకని," అంది. తర్వాత నా మొహం చూసి, ఏమనుకుందో, "వెళ్ళొస్తానండీ" అంది.

ఆ మాట అనడానికి అట్టే సేపేం పట్టలేదు.