ఎర్ర ట్యాగు

మధ్యాహ్నం రెండున్నరకి నెహ్రూ నగర్‌లోని ఆ నాలుగంతస్తుల భవనం ముందు పదకొండుమంది కూలీలు పని లేక గోడ నీడన కూర్చున్నారు. రంగులు వేయడం నిన్ననే అయిపోయింది. రేపు పొద్దున్నే భవనం ప్రారంభోత్సవం. సాయంత్రానికల్లా పరంజా విప్పి లారీకెక్కించాలని కాంట్రాక్టరు మల్లేశ్వరరావు హుకుం. కాని నిచ్చెన మొదట్లో ఎర్ర ట్యాగు వేలాడుతోంది. అది ఉన్నంతసేపూ ఎవరూ పైకెక్కకూడదు.

ట్యాగు మీది సంతకం శశిధర్‌ది. తీరైన అక్షరాలు, కింద చిన్న గీత. చిన్నారావు పొద్దుటినుంచీ దాన్నే చూస్తున్నాడు.

ఆ సంతకం చేసిన చేతులకి పైపుల క్లాంపు బిగించడం నేర్పింది తనే. ఏడేళ్ల కిందట ఖుర్సీపార్ బస్తీ నుంచి తన సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పనికి తెచ్చాడు. ఇప్పుడు వాడు పరంజా తనిఖీకి ట్రైనింగు చేసొచ్చి తెల్ల హెల్మెట్ పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా పైపులు మోస్తున్న చిన్నారావుది ఇంకా కూలీల పసుపుదే. టీ ముందు వాడికే వస్తుంది. ఇంట్లో రత్నం కూడా శశి ఎంత ఎదిగాడో అని మురిసిపోతుంటే మొగుడికి ముద్ద దిగదు.

“మావా, నీ శిష్యుడు మనల్ని నీడపట్టున కూకోబెట్టినాడు. పున్నెం నీదే,” అన్నాడు బలరాం.

“ఆడు నా శిష్యుడేటి? సాహెబ్.”

శశిధర్ ఆ మాట విని కూడా దగ్గరికి వచ్చాడు. “మామా, రెండో అంతస్తు నుంచి పైదాకా పరంజాని గోడకి బిగించిన ఇనప టైలు ఎనిమిదీ లేవు. పైనుంచి ఒక్కో వరస ఇప్పుతూ, ఆ వరస టై అప్పుడే తియ్యాలి కదా. మళ్లీ బిగించీదాకా ఎవరూ ఎక్కొద్దు, బస్.”

“నాకు సెప్తావేటి?” అని చిన్నారావు మొహం తిప్పుకున్నాడు.

టైలు తీసింది అతనే. నిన్న సాయంత్రం గది గదికీ వెళ్లి, కిటికీలోంచి చెయ్యి పెట్టి పానాతో విప్పాడు. వాళ్ల గ్యాంగుకి అది పాత అలవాటు. ముందురోజే టైలు తీసేస్తే మర్నాడు సగం పూట కలిసొస్తుంది. ట్యాగుల కన్నా చిన్నారావు చెయ్యి నయమని కాంట్రాక్టరు అందరి ముందూ అనాలి. ఆ ఒక్క మాట కోసం చేశాడు. విప్పిన టైలు నిన్ననే గోడౌనుకి పోయాయి.

కారు ఆగింది. “ఎవడు తీసినాడు?” అన్నాడు మల్లేశ్వరరావు దిగుతూనే.

శశిధర్ చిన్నారావు నడుముకున్న పానా వైపు చూశాడు. దాని పిడికి కిటికీల తెల్లరంగు అంటుకుని ఉంది.

“తెలీదు సార్. పొద్దున్న చూస్తే లేవు.”

చిన్నారావు ఒళ్లు మండిపోయింది. దయ చూపించడంలో కూడా వాడే పెద్దవాడయిపోయాడు.

“టైలు తెచ్చి బిగిస్తే రేపవుతాది. నాకు కుదరదు,” అంటూ మల్లేశ్వరరావు శశిధర్ తలమీది హెల్మెట్ తీసి చిన్నారావుకి అందించాడు. “నువ్వు పాతోడివి. ఆ ఎర్ర ట్యాగు తీసీసి, ఎక్కొచ్చని పచ్చది ఎట్టు. రేపట్నుంచి ఇది నీదే.”

చిన్నారావు అందుకున్నాడు. అనుకున్నంత బరువు లేదు. లోపల శశిధర్ చెమట ఇంకా ఆరలేదు.

అప్పటికే బలరాం లేచి బెల్టు కట్టుకుంటున్నాడు. “మావ సెప్తే నానెక్కుతాను.”

గాలి వీచింది. నాలుగో అంతస్తు దగ్గర పైపులు గోడకి జానెడు ఎడంగా జరిగి మళ్లీ ఆనుకున్నాయి. ఇంకెవరూ చూడలేదు. చిన్నారావు చూశాడు.

“బెల్టు ఇప్పీరా బలరాం.” హెల్మెట్ తిరిగి శశిధర్ తలమీద పెట్టాడు. “ఎక్కం బాబూ. టైలు తీసింది నానే. ఎక్కం.”

మల్లేశ్వరరావు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. “అయితే మీ గ్యాంగుకి నా దగ్గర పని లేదు.” ఫోను తీసి, దుర్గ్ నుంచి వేరే మనుషుల్ని రమ్మన్నాడు.

“కలం ఇయ్యరా శశీ.”

చిన్నారావుకి రాయడం వచ్చింది తన పేరొక్కటే. ఎర్ర ట్యాగు మీద, శశిధర్ సంతకం కింద, అరచేత్తో ఆనించుకుని రాశాడు. అక్షరాలు లావుగా, పక్కకి ఒరిగి వచ్చాయి. గీత గీయబోయి మానేశాడు. వాడిదే బాగుంది, ఇప్పటికీ.

నిచ్చెనకి వీపు ఆనించి, దారికి అడ్డంగా కాళ్లు చాపి నేలమీద కూర్చున్నాడు. అరగంటలో దుర్గ్ మనుషుల లారీ సందు మలుపు తిరుగుతూ హారను కొట్టింది. చిన్నారావు కాళ్లు ముడుచుకోలేదు.