రోజుల్ని రోజులతో గుణిస్తే

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు రోజూ పొద్దున బస్సెక్కి వచ్చి బ్యాంకు పరీక్షలకు చదువుకునే నాజ్నీన్, రెండేళ్లు తిరిగేసరికి అదే కోచింగ్ సెంటర్‌లో పాఠం చెప్పే మనిషయింది. ఉద్యోగం రాలేదు. ప్రతిసారీ కటాఫ్ దగ్గరికొచ్చి తప్పిపోయేది. కానీ షార్ట్‌కట్లు ఆమెకు వచ్చినట్టు ఇంకెవరికీ రావు. ఎవరు ఏ లెక్క ఇచ్చినా ప్రశ్న చదివేలోపలే జవాబు చెప్పేది. సెంటర్ నడిపే సందీప్ సార్ అది గమనించి, "కొత్త బ్యాచ్‌కి లెక్కలు నువ్వు చెప్పు మా. నీకూ ప్రాక్టీసు అవుతాది" అన్నాడు.

నాజ్నీన్‌కు సంతోషమేసింది. చిన్నప్పటినుంచీ ఆమె ఫస్టే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, కామాతో సహా, కాగితం మీద దింపేది. మార్కులు అలాగే వచ్చేవి. నేర్చుకోవడమంటే అదేనని నమ్మింది. అది కాదని చెప్పినవాళ్లు బడిలోనూ లేరు, కాలేజీలోనూ లేరు.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం పని, కాలం లెక్కలు మొదలుపెట్టింది. ఒక పనిని ఒకరు మూడు రోజుల్లో చేస్తారు, ఇంకొకరు ఆరు రోజుల్లో చేస్తారు, ఇద్దరూ కలిస్తే ఎన్ని రోజులు? నాజ్నీన్ బోర్డు మీద గీత గీసింది. పైన రెండు అంకెలూ గుణించాలి, కింద రెండూ కూడాలి. పద్దెనిమిది బై తొమ్మిది, రెండు రోజులు. అయిపోయింది.

ముందు బెంచీలోంచి దానమ్మ లేచింది. పాములపాడు పిల్ల. డిగ్రీ అయ్యాక ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. గొంతు కొంచెం పెద్దది.

"మేడం, రోజుల్ని రోజుల్తో గుణిస్తే ఏమొస్తాది?"

"పద్దెనిమిది వస్తాది."

"అది కాదు మేడం. పద్దెనిమిది ఏంది? రోజులా? ఇద్దర్లో ఎవరూ అన్ని రోజులు చేసేది లేదు కదా. ఆ పద్దెనిమిది ఏందో చెప్పండి."

వెనక ఎవరో నవ్వారు. నాజ్నీన్ చేతిలో మార్కర్ ఆగిపోయింది. బోర్డు వైపు చూసింది. తను వందలసార్లు వేసిన గీత, తనకే పూర్తిగా కొత్తగా కనిపించింది.

"అది ఫార్ములా. పరీక్షలో ఏంటికి అని అడగరు, ఎంత అని అడుగుతారు. కూర్చో."

దానమ్మ కూర్చుంది. ఆ మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాజ్నీన్ ఆ పద్దెనిమిదిని వెనకా ముందూ తిప్పింది. శిరివెళ్ల దాటింది, తెగలేదు. మర్నాడూ తెగలేదు. ఫోన్లో వెతికితే అందరూ అదే గీత గీసి, అదే పాట పాడుతున్నారు. ఆమెకు దానమ్మ మీద చిరాకు పుట్టింది. ఆ పిల్ల అడగకపోతే ఈ బాధే లేదు. తర్వాత తన మీద తనకే చిరాకు. పదిహేనేళ్ల పైన చదివి, బంగారు పతకంలాంటి మార్కులు తెచ్చుకుని, మూడునీ ఆరునీ ఎందుకు గుణిస్తున్నానో తెలియని చదువు చదివానా అనుకుంది. అలా అనుకున్నకొద్దీ ఇంకేమేం తెలియకుండా చదివానో అన్న భయం పట్టుకుంది. వడ్డీ లెక్కలో ఆ వంద కింద ఎందుకుంటుంది? డిగ్రీలో రాసిన ఆ ఎకనామిక్స్ గీతలు ఎటు పోతున్నాయి, ఎందుకు వంగుతున్నాయి? ఒక్కొక్కటీ తట్టి చూస్తే అన్నీ బోలుగానే మోగాయి.

ఆదివారం ఇంట్లో వాళ్లమ్మ హమీదాబీ, పక్కింటి నాగేశ్వరమ్మ చీరలకు ఫాల్ కుడుతున్నారు. పెళ్లిళ్ల రోజులు. బట్టల షాపువాళ్లు చీరల కుప్ప పంపించి తొందర పెడుతున్నారు. హమీదాబీ చెయ్యి చురుకు. నాగేశ్వరమ్మకు చూపు ఆనదు, నిదానంగా కుడుతుంది.

"అమ్మీ, రోజుకి ఎన్ని కుడతావ్ నువ్వు?" అని అడిగింది నాజ్నీన్.

"ఏందీ ఇప్పుడు నీకు? ఐదో ఆరో కుడతా. సూదికి దారం ఎక్కించిచ్చి పో."

"నువ్వక్కా?"

"నేను మూడు కుడితే గొప్ప" అంది నాగేశ్వరమ్మ, తలెత్తకుండానే.

నాజ్నీన్ సూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మ ఆరు, అక్క మూడు. కుప్పలో పద్దెనిమిది చీరలుంటే అమ్మ ఒక్కతే మూడు రోజులు కుడుతుంది, అక్క ఒక్కతే ఆరు రోజులు కుడుతుంది. ఇద్దరూ కూర్చుంటే రోజుకు తొమ్మిది. రెండు రోజుల్లో కుప్ప ఖాళీ.

పద్దెనిమిది అంటే రోజులు కాదు. చీరలు. లెక్కలో పని ఎంతో చెప్పలేదు కాబట్టి, ఇద్దరికీ సరిగ్గా తెగేలా మనమే పద్దెనిమిది అనుకుంటున్నాం. కింద వేసిన తొమ్మిది కూడా రోజులు కాదు, ఇద్దరూ కలిసి ఒక రోజులో కుట్టే చీరలు.

ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నదాన్ని ఇన్నేళ్లూ తనకు ఎవరూ చెప్పలేదనీ, తనూ ఎవర్నీ అడగలేదనీ ఏడుపొచ్చింది.

"దారం ఎక్కించమంటే ఏడుస్తాండావేందే?" అంది హమీదాబీ.

సోమవారం క్లాసులో నాజ్నీన్ ఫార్ములాను తుడిచేసి చీరల కుప్పతో మొదలుపెట్టింది. కొందరు ఆసక్తిగా విన్నారు. కొందరు ఫోన్లు చూసుకున్నారు. ఒకతను "మేడం, ఇది పరీక్షకి అవసరమా?" అని నేరుగానే అడిగాడు. గంటలో మూడు లెక్కలే అయ్యాయి. క్లాసు అవగానే సందీప్ సార్ తన గదిలోకి పిలిచాడు.

"కెమెరాలో చూస్తాండా మా. చీరలేంది, ఫాల్సేంది? లెక్కకి అర నిమిషం ఉంటాది వాళ్లకి. నువ్వు ఒక్కో లెక్కకి ఇరవై నిమిషాలు తింటే సిలబస్ ఎప్పుడైపోవల్ల?"

"అర్థం కాకుండా ఎట్ల గుర్తుంటాది సార్?"

"నీకు గుర్తుండ్లా?"

గుర్తుంది. అదే కదా వచ్చిన చిక్కు.

"దానమ్మ అనే అమ్మాయి మానేసింది సార్."

"ఒకరు పోతే ఇద్దరు వస్తారు. నువ్వు షార్ట్‌కట్ చెప్పు, చాలు."

ఆ సాయంత్రం నాజ్నీన్ బస్టాండుకు పోకుండా హాస్టల్‌కు పోయింది. దానమ్మ మెట్ల మీద బట్టలు మడతపెట్టుకుంటూ కనిపించింది. నాజ్నీన్‌ను చూసి లేవలేదు.

"క్లాసుకు ఏంటికి రావడం లేదు?"

"వచ్చి ఏం చేసేది మేడం? అడిగితే కూర్చోమంటారు. ఆ కూర్చునేదేదో ఈడే కూర్చుంటా."

నాజ్నీన్‌కు సర్రుమంది. అయినా పక్కన కూర్చుని ఆ మడతపెట్టిన బట్టలే చూపిస్తూ చీరల సంగతి చెప్పింది. దానమ్మ మధ్యలో ఆపి ఆపి అడిగింది. ఒకసారి "ఆగండి, మళ్లీ చెప్పండి" అంది. చివరికి మడతపెట్టిన బట్టలు పక్కకు జరిపింది.

"సరే, ఇద్దరికి సరిపోయింది. మూడో మనిషి వస్తే? రెండు రోజుల్లో చేసే మనిషి. మూడూ గుణించి, మూడూ కూడితే సరిపోతాదా?"

సరిపోతుందని నాజ్నీన్ నోటిదాకా వచ్చింది. ముప్పై ఆరు బై పదకొండు. మూడు రోజుల పైన.

"ఇద్దరు రెండు రోజుల్లో చేసే పనిని ముగ్గురు చేస్తే మూడు రోజులెట్ల పడతాది మేడం?" అంది దానమ్మ.

ఈ లెక్కకు కూడా షార్ట్‌కట్ ఉంది, నాజ్నీన్‌కు వచ్చు. కానీ అది ఇప్పుడు చెప్పాలనిపించలేదు. ఇద్దరూ మళ్లీ కుప్ప దగ్గరికే పోయారు. పద్దెనిమిది చీరలు, మూడో మనిషి రోజుకు తొమ్మిది కుడుతుంది. ఆరు, మూడు, తొమ్మిది.

"ఒకే రోజు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

దానమ్మ నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాజ్నీన్‌కు అసూయలాంటిది కలిగింది. ఆ పిల్లకు అడగడం ముందే వచ్చు. తను ఇప్పుడు నేర్చుకుంటోంది, అదీ బోర్డు ముందు నిలబడి పరువు పోగొట్టుకున్నాక.

ఆ నెలంతా పొద్దున సందీప్ సార్ కోసం షార్ట్‌కట్లు, సాయంత్రం బస్సు టైమయ్యేదాకా హాస్టల్ మెట్ల మీద దానమ్మతో లెక్కలు. తన చదువు వెనకబడుతోందని నాజ్నీన్‌కు తెలుసు. తెలిసీ పోయేది.

పరీక్ష కర్నూలులో రాసింది. నీళ్ల తొట్టి లెక్క ఒకటి వచ్చింది. రెండు పైపులు నింపుతుంటాయి, ఒకటి మధ్యలో మూసేస్తారు, అడుగున చిల్లి. ఆమెకు వచ్చిన ఏ షార్ట్‌కట్‌లోనూ అది ఇమడలేదు. మునుపైతే వదిలేసి తర్వాతిదానికి పోయేది. ఇప్పుడు వదలలేకపోయింది. తొట్టిలో నీళ్లెన్నో తనే అనుకుని, గంట గంటకూ ఎంత చేరుతోందో, ఎంత పోతోందో చూసుకుంటూ చేసింది. జవాబు దొరికింది. తలెత్తేసరికి టైమ్ కరిగిపోయింది. చివరి లెక్కలు చూడనే లేదు.

ఫలితాల్లో ఆమె నంబరు లేదు. దానమ్మదీ లేదు.

వాళ్ల నాయన ఖాదర్ బాషాకు ఆళ్లగడ్డలో మోటార్ వైండింగ్ షాపుంది. ఆ రోజు షాపు కట్టేసి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుంటూ అడిగాడు.

"పోయినసారి ఒక్క మార్కులో పోయింది. ఈసారి ఇంత దూరమెట్ల పోయింది బేటీ?"

"ఒక లెక్క దగ్గర ఆగిపోయినా అబ్బా."

"రాలేదా?"

"వచ్చింది. చేసినా."

ఖాదర్ బాషా టవల్‌తో చేతులు తుడుచుకుంటూ ఆమె మొహంలోకి చూశాడు. "చేస్తే ఇంగేంది?"

ఇన్నేళ్లలో తన సొంత బుద్ధితో చేసిన మొదటి పరీక్ష లెక్క అదేనని చెబితే, అందుకే పరీక్ష పోయిందని కూడా చెప్పాలి. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం ఆమె వల్ల కాలేదు.

"ఈ రిజల్టు చూసి సందీప్ సార్ కొత్త బ్యాచ్‌కి రావద్దన్న్యాడు" అంది. "బీఈడీకి అప్లై చేస్తా."

"రెండేండ్లు బ్యాంకు బ్యాంకు అని తిరిగి, ఇప్పుడు టీచరా? మళ్లీ మొదటినుంచా?"

"అవును, మొదటినుంచే. మూడో తరగతి లెక్కలనుంచి నాకు రానివి ఉండాయి అబ్బా. అవి నేర్చుకోవల్ల."

గొంతు పెరిగినందుకు ఆమెకే ఇబ్బందిగా అనిపించింది. ఖాదర్ బాషా టవల్ దండెం మీద వేశాడు. ఒప్పుకున్నట్టూ లేడు, కాదన్నట్టూ లేడు. హమీదాబీ అన్నం వడ్డించి ఇద్దర్నీ పిలిచింది. నాజ్నీన్ కంచం ముందు కూర్చుంది. ఫోన్ మోగితే దానమ్మ. రిజల్టు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"మేడం, వడ్డీ మీద వడ్డీ లెక్కలో రెండో ఏడు ఎక్కువొస్తాది కదా, ఏంటికి?"

"నాకూ సరిగ్గా తెలీదు" అంది నాజ్నీన్ విసుగ్గా. "ఉండు, తిని ఫోన్ చేస్తా."