తెరిచి పెడతాం

నేల ఊడ్చాలి. మిషన్ల కింద దారం కుప్పలు కనబడకూడదు. ఎర్ర బకెట్లలో ఇసుక నింపాలి. మందుల పెట్టెలో మందులు పెట్టాలి. ఆడవాళ్లకు మూతికి కట్టుకునే గుడ్డలు ఇవ్వాలి. వెనక తలుపుకు బీగం తీయాలి. వాళ్లకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పాలి.

సరుకు కొనే కంపెనీ మనిషి బెంగళూరు నుంచి చూడటానికి వస్తున్నాడని తెలిసి విష్ణువర్ధన్ చెప్పిన పనులివి. రాయదుర్గంలో అతనిది జీన్స్ కుట్టే యూనిట్. చివరి పని త్రివేణి మీద పడింది. ఆఫీసు గదిలో లెక్కలు రాసే త్రివేణి వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. వేరుశనగ పూర్తిగా ఎండిపోయిన ఏడు వాళ్ల నాయన హనుమంతప్ప వచ్చి విష్ణువర్ధన్‌ను బతిమాలి ఈ పనిలో పెట్టించాడు. అందుకని ఏ పని చెప్పినా ఆమె కాదనేది కాదు.

అన్నాలు తిన్నాక మిషన్ల మధ్యే పాఠం. రోజూ జరిగేదానికి, ఎప్పుడూ ఉండేదానికి ఇంగ్లీషులో ఒక కాలం ఉంది, అది వస్తే చాలని చెప్పింది. సూర్యుడు తూర్పున పొడుస్తాడు. నేను జేబులు కుడతాను. రేపు జరగబోయేదైతే మాత్రం మధ్యలో 'విల్' రావాలి.

జేబులు కుట్టే భద్రమ్మకు ఇది వింతగా తోచింది.

"మా చెల్లెలు రోజూ వస్తాదంటాం, రేపు వస్తాదంటాం. మనకి రెండిటికీ ఒకటే మాట గదమ్మా."

"తాగేది మానేస్తానని నీ మొగుడు రోజూ అంటాడు గదక్కా, అది ఏ కాలమో అడుగు" అంది పక్క మిషన్ ఇంద్రాణి. అందరికంటే ఎక్కువ నవ్వింది భద్రమ్మే. నవ్వితే ఆమెకు దగ్గు వస్తుంది. దగ్గు ఆగేదాకా పాఠం ఆగింది.

చివరి వాక్యం 'వుయ్ కీప్ ది బ్యాక్ డోర్ ఓపెన్'. త్రివేణి దానికి తెలుగు చెప్పింది: వెనక తలుపు తెరిచి పెడతాం.

అందరూ వెనక తలుపు వైపు తిరిగి చూశారు. గుడ్డ తానులు బయటికి పోతాయని ఆ తలుపుకు ఎప్పుడూ బీగమే. రేకుల కింద ఉక్క, గాలి నిండా నీలం నూగు. భద్రమ్మ ఆయాసం ఈ మిషన్ మీదే మొదలైంది.

"సారు ఒప్పుకున్నాడా అమ్మా? తలుపు పక్కన మిషన్ నాదే" అంది భద్రమ్మ.

వాళ్లు దాన్ని యజమాని ఇచ్చిన మాట అనుకున్నారని త్రివేణికి అర్థమైంది. అది మాట కాదు, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని వచ్చినవాడితో చెప్పే అబద్ధం. ఆ సంగతి చెబితే ఇక ఎవరూ నేర్చుకోరు. తల వంచుకుని, మళ్లీ అనండి అంది.

కంపెనీ మనిషి వచ్చిన రోజు తలుపు తెరిచారు. కొండ మీద నుంచి గాలి సూటిగా లోపలికి కొట్టింది. ఆ గాలిలో కూర్చున్న భద్రమ్మ దగ్గరే అతను ఆగి తలుపు సంగతి అడిగాడు. ఆమె లేచి నిలబడింది. నిన్నటిదాకా బీగం, ఇకమీద తెరుస్తారు. అంటే జరగబోయేది. నేర్పినదంతా గుర్తు చేసుకుని జాగ్రత్తగా చెప్పింది: "వుయ్ విల్ కీప్ ది బ్యాక్ డోర్ ఓపెన్."

అతను రాయడం ఆపాడు. "విల్?" అన్నాడు త్రివేణి వైపు చూసి. విష్ణువర్ధన్ కూడా ఆమె వైపే చూశాడు.

"గ్రామర్ మిస్టేక్ సార్" అంది త్రివేణి. "కీప్ అనబోయింది."

అతను నవ్వి, ఏదో రాసుకుని ముందుకు నడిచాడు.

మరునాడు తలుపుకు బీగం పడింది. మధ్యాహ్నం భద్రమ్మ ఆఫీసు గది గడప దగ్గరికి వచ్చింది.

"నేను తప్పు చెప్పినందుకేనా అమ్మా మూసేసినారు? ఇప్పుడు బాగా వచ్చింది. సారుకి ఒకసారి చెప్పి చూస్తా." విల్ లేకుండా, ఒక్క తప్పూ లేకుండా ఆ వాక్యం అప్పజెప్పింది.

త్రివేణి కలం కింద పెట్టింది. "నువ్వు చెప్పిందే నిజం భద్రమ్మక్కా. తప్పని నేనే అబద్ధమాడినాను."

"ఊరుకో అమ్మా. చదువుకున్నదానివి, నీకు తెలీదా? నా మనసు నొచ్చుకుంటాదని అంటాండావు."

ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. త్రివేణి విష్ణువర్ధన్ దగ్గరికి వెళ్లి, భద్రమ్మ ఆయాసం గురించి చెప్పి తలుపు తీయించమని అడిగింది. అతను కోప్పడలేదు.

"మీ నాయన బాగుండాడా?" అన్నాడు.

త్రివేణి వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

ఆ ఎండలు పోకముందే భద్రమ్మ రావడం మానేసింది. బస్టాండు దాకా కూడా ఎక్కడా కూర్చోకుండా నడవలేకపోతోందని ఇంద్రాణి చెప్పింది. ఆ మిషన్ మీదికి కొత్త పిల్ల పద్మప్రియ వచ్చింది. ఇప్పుడు విష్ణువర్ధన్ భోజనానికి ఇంటికి వెళ్లగానే త్రివేణి మేకుకున్న తాళంచెవి తీసుకుని వెనక తలుపు తెరుస్తుంది. అతను వచ్చేలోపు మూస్తుంది. పద్మప్రియ ఆమెను చాలా మంచిదనుకుంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా త్రివేణికి అన్నం దిగదు.

చదువుతున్నవాళ్లకు ఒక మనవి. అక్కర్లేని చోట 'విల్' పెట్టి మాట్లాడే మనిషి మీకూ ఎదురు కావచ్చు. దిద్దే ముందు రాయదుర్గం భద్రమ్మను ఒకసారి తలచుకోండి.